కాఫీ కప్పు కడిగే పద్ధతి

“ముందు ఎండుగడ్డి వాసన తగులుతుంది సార్. నోట్లో పోసుకుంటే పచ్చి బాదంపప్పు. మింగేసి కాసేపు ఊరుకుంటే, అప్పుడొస్తుంది పియర్ పండు తొక్క.”

ఈ మూడు ముక్కలూ సాలమన్ నాలుగేళ్ళు చెప్పాడు. దోహాలో సముద్రం వైపున్న ఒక పెద్ద హోటల్లో, ఇటలీ వంటకాల రెస్టారెంట్లో, భోజనం ముగించి కుర్చీలో వెనక్కి వాలిన వాళ్ళ పక్కన నిలబడి, ఇంగ్లీషులో, గొంతు తగ్గించి చెప్పేవాడు. వద్దని చెయ్యి ఊపబోయిన వాళ్ళు కూడా ఆ చెప్పే తీరుకి మెత్తబడి, సరే, ఒక చుక్క పొయ్యమనేవారు. చెప్పే మనిషి మాత్రం దాన్ని నోట పెట్టి ఎరగడు.

ఈ సంగతి నాకు దోహాలోనే, ఉమ్ ఘువైలినా పేటలో వాళ్ళ ఫ్లాట్ వంటగదిలో తెలిసింది. శుక్రవారం పొద్దున మా తెలుగువాళ్ళ ప్రార్థన వాళ్ళ హాల్లోనే జరిగేది. ప్రతి వారం చివర్లో ప్రభువు బల్ల, అంటే క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకోవడం. అది అయ్యాక ఆ రసం పోసిన చిన్న గ్లాసులు ఆయన కడిగేవాడు, నేను తుడిచి బోర్లించేవాణ్ణి. బొటనవేలంత గ్లాసులు, ముప్ఫై చిల్లర. నీళ్ళ కింద ఒక్కొక్కటే తిప్పుతూ ఆయన మాట్లాడేవాడు. తొంభై ఎనిమిది వేసవి అంతా అలా ముక్కలు ముక్కలుగా విన్నదే ఇది.

సాలమన్‌ది నర్సాపురం. పదిహేనో ఏట నుంచి ఎండుచేపల కొట్లో పని. గోనె విప్పకుండానే, వాసన చూసి ఈ సరుకు ఎన్నాళ్ళదో, వానలో తడిసిందో లేదో చెప్పేవాడట. “నా చదువంతా ఈ ముక్కులో ఉందండీ” అనేవాడు నవ్వుతూ. తర్వాత విశాఖపట్నంలో ఒక హోటల్లో ప్లేట్లు తీశాడు, టేబుళ్ళు చూశాడు. తొంభై రెండులో దోహా వచ్చాడు. అప్పటికి భార్య జెరూషాకి ఐదో నెల.

జెరూషా అన్న రాజ్ కిరణ్, సాలమన్‌కి ప్రాణస్నేహితుడు. సారా పాకెట్లకి అలవాటుపడి ముప్ఫై ఏళ్ళు నిండకుండా పోయాడు. కాలవ గట్టు మీద పడి ఉన్నవాణ్ణి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చింది సాలమనే. చివరి స్నానం చేయించింది కూడా ఆయనే. ఎన్ని నీళ్ళు పోసినా ఆ నోటి వాసన వదల్లేదట. ఏడాది తర్వాత పెళ్ళి మాటలు నడుస్తున్నప్పుడు జెరూషా ఆయన్ని చర్చి మెట్ల దగ్గర ఆపి, ఎదురుగా నిలబడి అడిగింది ఒక్కటే. జీవితంలో దాన్ని నోట పెట్టనని మాటివ్వమంది. ఇచ్చాడు. దోహాలో డ్యూటీ ఏమిటో, పిల్ల పుట్టాక, తెలిసినప్పుడు కూడా ఆమె గొడవ పడలేదు. కేసెట్‌లో మాట్లాడి పంపింది. అప్పట్లో ఉత్తరాల కంటే కేసెట్లే ఎక్కువ.

ఆ కేసెట్టు ఆయన ఎన్నిసార్లు విన్నాడో, మాట పొల్లుపోకుండా నాకు ఒప్పజెప్పాడు.

“ఏవండీ, మోస్తే మొయ్యండి. ఎవరో ఒకరు మొయ్యాలి కదా, ఉజ్జోగం మరి. నోట మాత్రం పెట్టకండి. నేనడిగింది అదొక్కటే. ఇదిగో, మీ కూతురు మాట్లాడతదంట. నాన్నా అనవే... అనవే తల్లీ... అయ్యో, నొక్కేసిందండీ బటను!”

అక్కడితో టేపు తెగిపోతుంది.

ఇంతకీ ఆయన పోసే ఆ మందు పేరు గ్రాప్పా. ద్రాక్షలు తొక్కి వైన్ తీసేశాక తొక్కలు, గింజలు, కాడలు మిగులుతాయి. ఆ పిప్పిని కాచి దించుతారు. నీళ్ళలా తెల్లగా ఉంటుంది. ఇటలీవాళ్ళకి అది భోజనం ముందు తాగేది కాదు, భోజనంతో తాగేదీ కాదు. కడుపు నిండాక, కాఫీ అయ్యాక, పొడుగుమెడ చిన్న గ్లాసులో గుక్కెడు పోసుకుని మాటల్లో పడతారు. చక్రాల బండి మీద ఏడెనిమిది సీసాలు పెట్టుకుని టేబులు టేబులుకీ తీసుకెళ్ళడం సాలమన్ పని. రాస్ లఫ్ఫాన్ గ్యాస్ పనుల మీద వచ్చిన ఇటలీ ఇంజినీర్లతో శుక్రవారం మధ్యాహ్నాలు ఆ రెస్టారెంటు నిండిపోయేది. రంజాన్ నెలంతా సీసాల అలమరకి తాళం. అప్పుడు అదే బండి మీద ఖర్జూరాలూ, తీపి పదార్థాలూ తిరిగేవి.

కాఫీ మిషను దగ్గర పనిచేసేవాడు ఉబైద్, కోరుట్ల మనిషి. ఐదుపూటలా నమాజు చేసేవాడు. ఆ బండికి చెయ్యి తగిలితే చేతులు కడుక్కునేవాడు. కానీ ఆటపట్టించడంలో వెనక్కి తగ్గేవాడు కాదు.

“ఏంది సాలమన్ భాయ్, ఇయ్యాల గూడ పిప్పి సారా ఊరేగింపేనా?”

“పిప్పి సారా కాదు ఉబైద్ భాయ్, గ్రాప్పా అను. వినే వాళ్ళుంటారు.”

“పిప్పి తోని జేస్తే పిప్పి సారా గాక పన్నీరైతదా? నువ్వు తాగవు, నేను తాగ. మనిద్దర్ని వెట్టి దుకాణం నడిపిస్తున్నరు సూడు, గిది అస్సలు తెలివి!”

తాగకుండా రుచి ఎలా చెప్పేవాడంటే, అడిగి తెలుసుకునేవాడు. పోసి రెండు నిమిషాలాగి, “ఎలా ఉంది సార్?” అనేవాడు. అది మర్యాదకి అడిగేదనుకునేవారు జనం. ఆయన నిజంగా అడిగేవాడు. వాళ్ళు చెప్పింది లోపలికెళ్ళి ఆర్డరు కాగితాల వెనక తెలుగులో రాసుకునేవాడు. ‘నాలుగో టేబులు, కళ్ళద్దాలాయన: తడిసిన సున్నం గోడ.’ ‘కిటికీ దగ్గర ఆవిడ: అత్తగారి బీరువా వాసన, నవ్వింది.’ తర్వాత ఖాళీ గ్లాసులు సింకులో వేసే ముందు ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని ఆ మాటతో సరిచూసుకునేవాడు. నిండు గ్లాసులో మంటే తెలుస్తుందట. ఖాళీ గ్లాసులోనే అసలు వాసన నిలబడుతుందట. ఈ మాటలన్నీ జెరూషాకి కూడా రాసేవాడు, ఎవరన్నారో పేరు పెట్టి మరీ. ‘నేనన్నది కాదు’ అని ఆమెకి తెలియాలి కదా.

ఆ మాటలు చెప్పినవాళ్ళలో ఎక్కువ నేర్పింది తుల్లియో అనే ముసలాయన. పైపుల అతుకులు తనిఖీ చేసే ఉద్యోగం. వెనిస్ వెనక కొండ పల్లెల మనిషి. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన కాఫీ తాగి కప్పు కింద పెట్టగానే సాలమన్ తీయబోయాడు. ఖాళీ కప్పు టేబులు మీద ఉండకూడదు, విశాఖపట్నంలో నేర్పిన మొదటి పాఠం అది. తుల్లియో మణికట్టు పట్టుకున్నాడు.

“దొంగా! నా కప్పు ఎక్కడికి తీసుకుపోతున్నావ్?”

“అయిపోయింది కదా సార్?”

“అయిపోలేదు. ఇప్పుడే మొదలు. అందులో పొయ్యి.”

“కాఫీ కప్పులోనా సార్?”

“కప్పు కడగాలి కదా.”

సాలమన్ పోశాడు. ముసలాయన కప్పుని గుండ్రంగా తిప్పి, అడుగున మిగిలిన చక్కెరనీ కాఫీ మడ్డినీ ఆ గ్రాప్పాతో కరిగించి, ఒక్క గుక్కలో తాగేశాడు. వాళ్ళ వైపు ఇళ్ళలో అదే పద్ధతట. కాఫీ చివర కప్పు కడగడం. గ్లాసులో పోసుకుంటే తాగుడు కిందకి వస్తుంది, కప్పు కడిగితే రాదు. ముసలమ్మలు కూడా ఆ వంక పెట్టుకునే గుక్కెడు వేసేవారట. ఇది విని ఉబైద్, “మస్తు తెలివిగల్లోళ్ళే! మరి గిన్నెలు గూడ దాంతోనే తోముతరా?” అన్నాడు.

తుల్లియో వచ్చిన ప్రతిసారీ సాలమన్ కప్పు తీయకుండా ఆగేవాడు. మిగతావాళ్ళకీ అడిగి పోసేవాడు. ఇది చూసి ఇటలీవాళ్ళు ఆశ్చర్యపోయేవారు. మన పద్ధతి వీడికెలా తెలుసని పక్క టేబులుకి చెప్పుకునేవారు.

తొంభై ఐదులో మన రాష్ట్రంలో మద్యం నిషేధించారు. జెరూషా కేసెట్‌లో ఆ సంతోషం చెప్పింది. వీధి చివర సారా కొట్టు ఎప్పుడో పోయిందనీ, అన్నయ్య కూలబడే అరుగు మీద ఇప్పుడు కూరగాయలు పెడుతున్నారనీ చెప్పింది. చివర్లో ఇంకొకటి కూడా చెప్పింది.

“ఎవాంజెలిన్ మిమ్మల్ని అడుగుతోందండీ. ఎలా అడుగుతదో తెలుసా? టేప్‌రికార్డరు దగ్గరికెళ్ళి, మూత తీసి చూసి, ‘నాన్న లేడు’ అంటది. మీరు పంపిన కేసెట్టు పెడితే, ‘వచ్చాడు’ అంటది. మొన్న జొరం వచ్చినప్పుడు దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుందండీ.”

ఆ ముక్క దగ్గర సాలమన్ చేతిలో గ్లాసు నీళ్ళ కింద అలాగే ఉండిపోయింది. కాసేపటికి నేనే కొళాయి కట్టేశాను.

కూతుర్ని అప్పటికి ఒక్క సెలవులోనే చూశాడు. రెండేళ్ళకోసారి సెలవు. వాళ్ళని తెచ్చుకోవాలంటే ఫ్యామిలీ స్టేటస్ కావాలి. అది స్టీవార్డుకి రాదు. స్టీవార్డుల పై మెట్టు, కెప్టెన్ గ్రేడుకి వస్తే గాని కంపెనీ కాగితం ఇవ్వదు. తొంభై ఆరు అక్టోబరులో కెప్టెన్ ఖాళీ వచ్చింది. నాలుగేళ్ళ సర్వీసు, అతిథులు రాసిన మెప్పుకాగితాలు, అన్నీ సాలమన్‌వే. కావలసింది మేనేజరు సంతకం ఒక్కటే.

మేనేజరు డారియో కొత్తగా వచ్చాడు, మిలాన్ నుంచి. కుర్రతనం, చురుకుదనం, అందరి భుజాల మీదా చెయ్యి వేసి మాట్లాడేవాడు. ఒక మధ్యాహ్నం సాలమన్ ఒక టేబులు దగ్గర చెబుతున్న మాటలు వెనక నిలబడి విని, ముచ్చటపడిపోయాడు.

“ఇంత బాగా నేను కూడా చెప్పలేను. నీకు వీటిలో ఏది ఇష్టం?”

“నేను తీసుకోను సార్.”

“డ్యూటీలో సరే. రూములో?”

“ఎక్కడా తీసుకోను సార్. ఒక్కసారి కూడా లేదు.”

డారియో నవ్వాడు. వేళాకోళం కాదని తెలిశాక నవ్వు ఆగిపోయింది.

“అంటే నాలుగేళ్ళ నుంచి నా అతిథులకి అబద్ధం చెబుతున్నావన్నమాట.”

“వాళ్ళు చెప్పిందే వాళ్ళకి చెబుతున్నాను సార్. ఒకరిది ఇంకొకరికి.”

“కెప్టెన్ అనేవాడు రుచి తెలిసినవాడై ఉండాలి. తెలియనివాడికి నేను సంతకం చెయ్యను. నీ ఇష్టం.”

సంగతి తుల్లియో దాకా వెళ్ళింది. ముసలాయన డారియోతో వాళ్ళ భాషలో గట్టిగానే వాదించాడు. చివరికి ఒక పందెం కుదిరింది. నాలుగు గ్లాసులు, పేరు కనబడకుండా. ముక్కుతో సరిగా చెబితే సంతకం. నోటితో పనిలేదు.

ఆ రోజు లంచ్ అయిపోయి, టేబుళ్ళు తుడిచేసిన మూడున్నర వేళ. కిటికీల్లోంచి ఎండ తెల్లగా కొడుతోంది. వంటవాళ్ళు, స్టీవార్డులు, పది పన్నెండు మంది గోడవార నిలబడ్డారు. సాలమన్ మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టి పేరు చెప్పాడు. రెండోది చెప్పాడు. మూడోది పీపాలో నిలవ చేసింది, ఎన్నేళ్ళదో కూడా చెప్పాడు. నాలుగోది రెండుసార్లు ముక్కు దగ్గర పెట్టి చూశాడు.

“ఇది మన బండి మీది కాదు సార్. ఇది అసలు గ్రాప్పా కాదు. ఇందులో పిప్పి లేదు. ఉత్త పండు.”

తుల్లియో టేబులు మీద అరచేత్తో కొట్టాడు. అది పియర్ పండ్ల సారా. డారియో తన గదిలోంచి తెచ్చి కలిపాడు, తికమక పెడదామని. గోడవార నిలబడ్డవాళ్ళంతా చప్పట్లు. ఉబైద్ మిషను వెనక నుంచి తెలుగులో అరిచాడు. “షాబాష్ భాయ్! కోరుట్ల కుక్క గూడ ఇంత మంచిగ పసిగట్టది!”

“అప్పుడే అయిపోవాలండీ కథ” అన్నాడు సాలమన్ నాతో. “అయిపోయిందనే అనుకున్నాను.”

డారియో ఆయన్ని కావలించుకున్నాడు. కుర్చీ లాగి తన ఎదురుగా కూర్చోబెట్టాడు. అతిథులు కూర్చునే కుర్చీలో ఆయన కూర్చోవడం అదే మొదలు. డారియో సిఫారసు కాగితం తీసి చక్కెర గిన్నె పక్కన పెట్టాడు, కాగితం మీద మూత తీయని పెన్ను పెట్టాడు. ఉబైద్‌ని రెండు కాఫీలు తెమ్మన్నాడు. తాగారు. సాలమన్ కప్పు కింద పెట్టగానే, డారియో బండి మీంచి సీసా అందుకుని తన కప్పులో కాస్త పోసుకుని, తిప్పి, తాగేశాడు. తర్వాత సాలమన్ కప్పులో పోశాడు.

“సార్, పందెంలో ఇది లేదు.”

“ఇది తాగడం కాదుగా. కప్పు కడగడం. అతిథులకి నువ్వే చెబుతావు కదా, నేను విన్నాను.” అందరి వైపూ తిరిగి నవ్వాడు. “మా నానమ్మ చర్చికి వెళ్ళొచ్చి మరీ కడిగేది.”

అందరూ నవ్వారు. ఎవరి నవ్వులోనూ చెడ్డతనం లేదట. అదే ఎటూ తోచనివ్వలేదట ఆయనకి. తుల్లియో మాత్రం కిటికీ వైపు తిరిగిపోయాడు. ఉబైద్ మిషను తుడుస్తున్నట్టు తల వంచుకుని, మిగతావాళ్ళకి తెలియని భాషలో మెల్లగా అన్నాడు.

“వద్దనుకుంటే వద్దను భాయ్. ఏమైతది? ఇంకో యాడాది ఆగుదం. నేనుంట గద నీ తోని.”

ఇంకో ఏడాది. సాలమన్‌కి ఆ మాట వినబడగానే టేప్‌రికార్డరు మూత తీసి చూస్తున్న పిల్ల కనబడింది. పెన్ను మూత ఇంకా తీయలేదు. కప్పు అందుకుని గుండ్రంగా తిప్పాడు, ఎంతోమంది తిప్పగా చూసినట్టే. అడుగున చక్కెర కరిగింది. తాగేశాడు.

డారియో సంతకం పెట్టాడు.

చెబుతూ చెబుతూ ఇక్కడికొచ్చాక ఆయన రెండు వారాలు ఈ కథ ఎత్తలేదు. గ్లాసులు కడిగాం, ఊరి మాటలు మాట్లాడుకున్నాం. మూడో వారం తనే మొదలుపెట్టాడు.

“రుచి అడగలేదేంటండీ మీరు? అందరూ అడుగుతారు.”

నేను తుడిచిన గ్లాసు బోర్లించాను.

“రాజ్ కిరణ్ నోటి వాసనే వచ్చిందండీ ముందు. కప్పు దించేద్దామనుకున్నాను. ఆ తర్వాత...” గ్లాసుని వెలుతురుకి పట్టి చూశాడు. “నాలుగేళ్ళుగా ఎవరెవరో చెప్పిన మాటలన్నీ ఒక్కసారి నిజమైపోయాయి. ఎండుగడ్డీ, బాదమూ, అన్నీను. బాగుందండీ. అదీ సంగతి. బాగుంది. రాజ్ కిరణ్ ఎందుకు మానలేకపోయాడో ఆ పూట తెలిసింది నాకు. మళ్ళీ ముట్టలేదు. కానీ తెలియనట్టు ఉండలేం కదా.”

కెప్టెన్ అయ్యాక ఆయన్ని తలుపు దగ్గర నిలబెట్టారు. నల్లకోటు, టేబుళ్ళ బుకింగు పుస్తకం, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం. బండి తోసే పని కెప్టెన్‌ది కాదు. దాన్ని కొత్తగా వచ్చిన ఫిలిప్పీన్స్ స్టీవార్డుకి అప్పగించారు. అతను సాలమన్ దగ్గర ఆ మూడు ముక్కలూ కంఠస్థం చేసుకున్నాడు. ఎండుగడ్డి, పచ్చి బాదం, పియర్ తొక్క. అతన్ని ఎవరూ రుచి చూడమనలేదు. ఆర్నెల్లలో డారియో ఇంకో దేశం హోటలుకి బదిలీ మీద వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు కూడా సాలమన్‌ని ప్రేమగా కావలించుకునే వెళ్ళాడట. కప్పు సంగతి అతనికి గుర్తుందని ఆయన అనుకోడు.

తొంభై ఏడు మార్చిలో జెరూషా, ఎవాంజెలిన్ దోహాలో దిగారు. విమానాశ్రయంలో పిల్ల ఆయన్ని చూసి తల్లి చీర వెనక్కి పోయింది. “నాన్నే” అంటే, “కాదు, నాన్న ఇంట్లో ఉన్నాడు” అంది. నెల్లాళ్ళకి దగ్గరకొచ్చింది. తర్వాత ఆయన వీపు దిగేది కాదు. టేప్‌రికార్డరు మంచం కిందకి చేరింది.

దిగిన రోజే జెరూషాకి చెప్పేద్దామనుకున్నాడు. ప్రయాణపు బడలికలో ఎందుకనుకున్నాడు. మర్నాడు చెబుదామనుకున్నాడు. పిల్ల స్కూలు, ఇల్లు సర్దుకోవడం, శుక్రవారం ప్రార్థన వాళ్ళింటికి మారడం, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇంట్లో నవ్వులు. ఆ నవ్వుల మధ్య ఆ మాట పెట్టడానికి చోటు దొరకలేదు.

ప్రభువు బల్లకి ద్రాక్షరసం చేసే పని జెరూషా తీసుకుంది. కొట్లో సీసాల్లో దొరికేది ఆమెకి నచ్చదు. గురువారం సాయంత్రం నల్లద్రాక్షలు కడిగి, గింజలతో సహా ఉడికించి, పల్చటి గుడ్డలో వేసి పిండేది. జూన్‌లో ఒక గురువారం ఆమె పిండుతోంటే సాలమన్ పక్కన స్టూలు మీద కూర్చుని కబుర్లు చెబుతున్నాడు. రసం గిన్నెలోకి దిగింది. గుడ్డలో పిప్పి మిగిలింది. వేడివేడిగా ఆ వాసన తగిలేసరికి ఆయనకి ఉత్సాహం వచ్చింది.

“జెరూషా, ఇదిగో, దీంతోనే చేస్తారు అది.”

“ఛీ, ఈ చెత్తతోనా?”

“ఆ. ఈ తొక్కలు, ఈ గింజలు. అందులో ఉండే ఎండుగడ్డి వాసన తుల్లియో గారు చెప్పింది. సున్నం గోడ అన్నది కళ్ళద్దాలాయన. బీరువా వాసన అన్నది ఒకావిడ, రాశాను కదా నీకు?”

“రాశారు. బీరువా అంటే నవ్వుకున్నాను నేను కూడా.”

“గొంతు దిగాక ఇక్కడ, రొమ్ములో, చిన్న దీపం పెట్టినట్టుంటుంది. గాలి తగలనిచోట పెట్టిన దీపంలాగా, కదలకుండా.”

జెరూషా పిండడం ఆపింది.

“అది ఎవరన్నారు?”

సాలమన్‌కి అర్థం కాలేదు. అర్థమయ్యాక లోపల పేరు వెతుక్కున్నాడు. అన్ని మాటలకీ మనుషులున్నారు. దీనికి లేరు.

“ఏవండీ, దీపం అన్నది ఎవరు?”

అప్పుడు మొత్తం చెప్పాడు. నాలుగు గ్లాసులు, పందెం, కాగితం, పెన్ను, కప్పు. ఆమె చేతుల్లో గుడ్డ అలాగే ఉంది. ఎర్రటి రసం మోచేతుల దాకా కారుతోంది. అంతా విని అడిగింది.

“అయితే నేనూ పిల్లా ఈ ఇంట్లో ఉన్నది ఆ కప్పు మీదన్నమాట.”

ఆయన గిన్నె ఆమె మోచేతుల కిందకి జరిపాడు.

“చేదుగా ఉందా?”

ఆ ప్రశ్న ఆమె ఎంత మెత్తగా అడిగిందో చెప్పడానికి సాలమన్ మూడుసార్లు ప్రయత్నించాడు నా దగ్గర. కోపంగా కాదు. పిల్లకి జొరం తగ్గిందా అని అడిగినట్టు అడిగిందట. అవునంటే చాలు. పాపం, బలవంతాన మింగారు అనుకుని ఊరుకోవడానికి సిద్ధంగా ఉన్న గొంతు అది.

“లేదు” అన్నాడు.

“చేదని ఒక్క మాట అంటే సరిపోయేదండీ” అన్నాడు నాతో, కొళాయి కట్టేసి. “తాగకుండా నాలుగేళ్ళు రుచి చెప్పినవాణ్ణి. తాగిన ఒక్కసారీ అబద్ధం ఆడలేకపోయాను.”

జెరూషా ఏడవలేదు, అరవలేదు, ఊరికి పోతాననలేదు. పిల్ల స్కూల్లో కుదురుకుంది, నాన్న వీపు మీద నిద్రపోవడం మరిగింది. ఎక్కడికి పోతుంది? వండుతుంది, వడ్డిస్తుంది, ఆయన నల్లకోటు ఇస్త్రీ చేస్తుంది. పదిమందిలో ‘ఏవండీ’ అంటూనే పిలుస్తుంది. ద్రాక్షరసం మాత్రం ఇప్పుడు ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు చేస్తుంది. పిప్పిని రెండు కవర్లలో కట్టి, ఆయన వచ్చేలోపు కిందికి తీసుకెళ్ళి చెత్తడబ్బాలో పడేసి వస్తుంది. ఎండుచేపల ముక్కు కదా, మెట్ల మీద అడుగు పెట్టగానే ఆయనకి తెలిసిపోతుంది.

ప్రభువు బల్ల రోజున పళ్ళెంలో గ్లాసులు సర్దేది ఆమే. నేను చాలా నెలలు గమనించలేదు. తర్వాత ఒకసారి లెక్కపెట్టాను. వచ్చిన పెద్దవాళ్ళు ముప్ఫై నలుగురు, గ్లాసులు ముప్ఫై మూడు. పళ్ళెం సాలమన్ దాకా వస్తే ఆయన అందుకుని, తను తీసుకోకుండా పక్కవాళ్ళ చేతికిచ్చేవాడు. ఎన్నో ఏళ్ళు అదే పని చేసిన చేతులు, కాస్త కూడా తొణికేది కాదు.

ఆమెని మీరెప్పుడైనా అడిగారా, మీకూ ఒక గ్లాసు పెట్టమని, అన్నాను.

“నేనెలా అడుగుతానండీ. ఆవిడ వద్దనలేదు కదా. నాది సర్దడం మానేసింది, అంతే.”

ఉబైద్ అప్పుడప్పుడు ఆ ఇంటికి వచ్చేవాడు, పిల్లకి చాక్లెట్లు పట్టుకుని. ఒకసారి మెట్లు దిగుతూ నాతో అన్నాడు. “కాఫీ నేనే ఇచ్చిన సార్ ఆ దినం. కప్పు ఖాళీ గాంగనే నేను తీసుకపోయి కడిగేస్తే అయిపోవు. మేనేజరు తిట్టునేమో, తిట్టనీ. నాకు సమజ్ గాలే.”

ఆ వేసవి చివరి శుక్రవారం గ్లాసులన్నీ కడిగి, తుడిచి, తెల్లగుడ్డ మీద వరసగా బోర్లించి వచ్చాం. హాల్లో టీ ఇచ్చారు. ఎవాంజెలిన్ మా ఇద్దరి మధ్యా కూర్చుని తన స్కూలు పుస్తకం చూపిస్తోంది. నా కళ్ళజోడు వంటగదిలో మర్చిపోయానని గుర్తొచ్చి లోపలికి వెళ్ళాను.

కొళాయి తిప్పి ఉంది. జెరూషా మేం బోర్లించిన గ్లాసులు ఒక్కొక్కటే తీసి మళ్ళీ కడుగుతోంది. నన్ను చూసి ఆగలేదు. కళ్ళజోడు అందించి మళ్ళీ తన పనిలో పడింది.

తిరిగొచ్చేసరికి సాలమన్ టీ కప్పు పట్టుకుని వంటగది వైపే చెవి పెట్టి ఉన్నాడు. నీళ్ళ చప్పుడు ఆగేదాకా తాగలేదు.

“ప్రతి వారం అంతేనండీ” అన్నాడు. “అయినా నేను కడగడం మానను.”